దఖ్లాలో కైట్‌సర్ఫింగ్ సెలవు: ముందు గాలి లెక్క, తర్వాతే టికెట్

పశ్చిమ సహారా తీరంలోని దఖ్లాకి కైట్‌సర్ఫింగ్ కోసం, అంటే పెద్ద గాలిపటం లాగుతుంటే బోర్డు మీద నిలబడి నీళ్లపై జారే ఆట కోసం, వెళ్దామనుకున్నవాళ్లు మొట్టమొదట అడిగేది "ఏ క్యాంపు బాగుంటుంది?" అని. అది చివర్లో తేల్చుకోవాల్సిన సంగతి. ఏ నెల, ఆ నెలలో గాలి ఎంత, ఆ గాలికీ మీ బరువుకీ ఏ సైజు కైట్లు, ఆ వారంలో పోటు ఏ వేళకి వస్తుంది... ఈ నాలుగూ తేలితే క్యాంపు దానంతటదే తేలిపోతుంది. ఇవి చూసుకోకుండా చవగ్గా దొరికిందని టికెట్ కొనేస్తే, అక్కడికెళ్లాక 12 చదరపు మీటర్ల కైట్ సంచిలోంచి బయటికి తీయకుండా వారమంతా ఒడ్డున కూర్చోవాల్సి రావచ్చు.

ముందు చోటు ఎలా ఉంటుందో చూద్దాం. సహారా ఎడారి అట్లాంటిక్‌లో దిగే తీరంలో, నైరుతి దిక్కుగా దాదాపు 40 కిలోమీటర్ల పొడవున ఒక సన్నటి ద్వీపకల్పం ఉంది. దఖ్లా ఊరు దాని కొస వైపు ఉంది. ద్వీపకల్పానికీ అసలు నేలకీ మధ్య ఉన్న నీళ్లే లగూన్. దక్షిణాన అది సముద్రంలో కలుస్తుంది. కైట్ క్యాంపులు మాత్రం ఊళ్లో ఉండవు. ఊరికి ఉత్తరంగా 25, 30 కిలోమీటర్ల దూరంలో, లగూన్ తల దగ్గర ఉంటాయి. స్పెయిన్ వాళ్లు 1884లో ఇక్కడ స్థావరం పెట్టుకుని విల్లా సిస్నెరోస్ అని పేరు పెట్టారు. విమానాశ్రయం కోడ్ వీఐఎల్ అని ఉండటానికి కారణం అదే. ఇప్పుడు పాలన మొరాకోది. ఐక్యరాజ్యసమితి మాత్రం పశ్చిమ సహారాని స్వపరిపాలన లేని ప్రాంతాల జాబితాలోనే ఉంచింది. ఈ ముక్క మీ ఇన్సూరెన్స్ కాగితాల్లో అడ్డం వస్తుంది కాబట్టి గుర్తుపెట్టుకోండి, కింద మళ్లీ చెప్తాను.

గాలి ఎక్కడిది, ఎంత

ఇక్కడి గాలికి ఆధారం ఈశాన్య వ్యాపార పవనాలు. అజోర్స్ దీవుల దగ్గరి అధిక పీడనం నుంచి ఆఫ్రికా తీరం వెంబడి దక్షిణానికి వీస్తాయి. దీనికి తోడు తీరాన్ని ఆనుకుని పారే కెనరీ ప్రవాహం లోతుల్లోని చల్లటి నీళ్లని పైకి తెస్తుంది. పక్కనే సహారా పగలంతా కాగుతుంటుంది. వేడెక్కిన నేల మీద గాలి పైకి లేస్తే సముద్రం మీది చల్లగాలి ఆ ఖాళీలోకి లాక్కుపోతుంది. అందుకే ఎండాకాలంలో, అంటే అక్కడ జూన్ నుంచి ఆగస్టు దాకా, మధ్యాహ్నానికి గాలి ముదురుతుంది, ఎండ తగ్గేకొద్దీ నెమ్మదిస్తుంది.

ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా గాలి దాదాపు రోజూ ఉంటుంది. జూన్, జులై, ఆగస్టుల్లో 20 నుంచి 30 నాట్స్ మామూలు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా 15, 20 నాట్స్ రోజులే ఎక్కువ, మధ్యలో గాలి పడిపోయే రోజులూ ఉంటాయి. కానీ అట్లాంటిక్ వైపు పెద్ద అలలొచ్చేది ఆ నెలల్లోనే. అలల మీద ఆడేవాళ్లు చలికాలం వెళ్తారు, చదును నీళ్లు కావాల్సినవాళ్లు ఎండాకాలం వెళ్తారు. రెండూ కొంచెం కొంచెం కావాలంటే మార్చి, ఏప్రిల్, అక్టోబరు చూసుకోండి. నేనైతే మొదటిసారి వెళ్లేవాళ్లకి ఏప్రిల్, మే నెలలే చెప్తాను. అప్పటికి గాలి నిలకడగా ఉంటుంది, ఎండాకాలం నడిమధ్యలో ఉండేంత ఉధృతి ఇంకా రాదు.

20, 30 నాట్స్ అంటే ఎంతో మన లెక్కలో చూడండి. ఒక నాట్ గంటకి 1.852 కిలోమీటర్లు. మన వాతావరణ శాఖ లెక్కలో 17 నుంచి 27 నాట్స్ గాలి ఉంటే వాయుగుండం, 28 నుంచి 33 అయితే తీవ్ర వాయుగుండం, 34 దాటితే తుఫాను. మన తీరంలో జాలర్లని వేటకి వెళ్లొద్దని చెప్పే గాలి దఖ్లాలో జులై నెలలో రోజువారీ గాలి. తేడా ఏమిటంటే ఇక్కడ వాన ఉండదు, దిక్కు మాటిమాటికీ మారదు, లగూన్‌లో పెద్ద అల లేవదు. గాలి బలం మాత్రం బలమే.

ఆ బలం పెరిగే తీరు కూడా తెలియాలి. గాలి వేగం రెట్టింపైతే కైట్ మీద లాగుడు రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. 20 నాట్స్ కాస్తా 25 అయితే వేగం నాలుగో వంతే పెరిగింది, లాగుడు మాత్రం సగానికి మించి పెరుగుతుంది. అందుకే ఫోర్‌కాస్ట్‌లో సగటు వేగం ఒక్కటే చూసి ఊరుకోకూడదు, కింది వరసలో ఉండే గస్ట్ (ఒక్కసారిగా విసిరే గాలి) అంకె కూడా చూడాలి. ఆ రెండింటి మధ్య తేడా 8 నాట్స్ దాటితే కైట్‌ని గస్ట్ అంకెకి తగ్గట్టు ఎంచుకోండి.

ఎడారి కదా, వేడిగా ఉంటుందనుకుని సన్నటి బట్టలు సర్దుకుంటారు చాలామంది. చల్లటి సముద్రం పక్కనే ఉండటం వల్ల ఎండాకాలంలో కూడా పగటి వేడి మామూలుగా 30 డిగ్రీల లోపే ఉంటుంది. హైదరాబాద్ మే నెల నుంచి వెళ్లినవాళ్లకి సాయంత్రం చలేస్తుంది. నీళ్లు చలికాలంలో 18 డిగ్రీలకి అటూ ఇటూ, ఎండాకాలంలో 20, 22 దాకా ఉంటాయి. వేసవికి 3/2 వెట్‌సూట్ (ఒంటికి 3, చేతులకీ కాళ్లకీ 2 మిల్లీమీటర్ల మందమున్న రబ్బరు సూటు) చాలు. చలికాలానికి 4/3 కావాలి. నీళ్లలోంచి తడి ఒంటితో బయటికొచ్చి 25 నాట్స్ గాలిలో నిలబడితే వణుకొస్తుంది. గాలి లోపలికి చొరబడని పాంచో గానీ జాకెట్ గానీ ఒకటి తప్పకుండా ఉండాలి.

అప్పుడప్పుడు గాలి తూర్పుకి తిరిగి ఎడారి లోపల్నుంచి వీస్తుంది. దాన్ని అక్కడివాళ్లు ఇరిఫీ అంటారు. వేడిగా, పొడిగా, దుమ్ము మోసుకొస్తుంది. ఇరిఫీ రోజున గస్ట్‌లు విపరీతం, కళ్లు తెరవడం కష్టం. ఆ రోజు నీళ్లలోకి దిగకండి. వారంలో ఒక రోజు ఇలా పోయినా సెలవు పాడైనట్టు కాకుండా ముందే లెక్కేసుకోవాలి.

ఏ సైజు కైట్లు

ట్విన్‌టిప్ (రెండు కొసలూ ఒకేలా ఉండే) బోర్డు మీద నడిపేవాళ్లకి ఒక మోటు లెక్క ఉంది: మీ బరువు కిలోల్లో తీసుకుని, 2.2తో హెచ్చించి, గాలి నాట్స్‌తో భాగించండి. వచ్చింది కైట్ సైజు, చదరపు మీటర్లలో. 75 కిలోల మనిషికి 18 నాట్స్‌లో 9, 22లో 7.5, 28లో 6 దగ్గర వస్తుంది. కాబట్టి వేసవికి 9, 7 తీసుకెళ్తే సరి. 60 కిలోలవాళ్లకి 7, 5. 90 కిలోలుంటే 10, 8. చలికాలంలో ఒక్కో సైజు పైకి జరపండి: 75 కిలోలవాళ్లు 12, 9 పట్టుకెళ్లాలి. జులైలో 12 సైజు మోసుకెళ్లడం ఉత్త బరువు.

ఈ లెక్క నడపడం వచ్చినవాళ్లది. ఇంకా గాలికి ఎదురుగా ఎక్కలేనివాళ్లు అదే గాలికి పెద్ద కైట్ కావాలనుకుంటారు. దఖ్లాలో అలా చెయ్యకండి. పెద్ద కైట్‌తో గస్ట్‌లో బార్ (కైట్‌ని నడిపే చేతికర్ర) పూర్తిగా వదిలేసినా లాగుతూనే ఉంటుంది. మడమలు నీళ్లలో తొక్కి పట్టుకోలేక బోర్డు పక్కకి జారిపోతుంది, ఎదురెక్కాల్సింది పోయి ఇంకా కిందికి కొట్టుకుపోతారు. చిన్న కైట్ వేసుకుని కాస్త కదిలిస్తూ నడిపితేనే ఎదురెక్కగలుగుతారు.

ఆటుపోట్లు, పంచాంగం

లగూన్‌లో రోజుకి రెండు పోట్లు, రెండు ఆట్లు. ఒక పోటు నుంచి తర్వాతి ఆటుకి ఆరు గంటల పైచిలుకు. రోజురోజుకీ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. పెద్ద పోట్లు అమావాస్య, పౌర్ణమి దాటాక ఒకటి రెండు రోజుల్లో వస్తాయి. అష్టమి, నవమి దగ్గర నీళ్ల ఎచ్చుతగ్గులు తక్కువ. అంటే మీ ఇంట్లో గోడకున్న క్యాలెండర్ చూసి కూడా వారం ఎంచుకోవచ్చు.

ఇది ఎందుకు ముఖ్యమంటే, లగూన్ తల దగ్గర లోతు తక్కువ. పెద్ద ఆటు రోజున నీళ్లు వెనక్కి తగ్గి ఇసుక దిబ్బలు, పాచి, గుల్లలు బయటపడతాయి. క్యాంపు ముందు నుంచి నీళ్ల దాకా కైట్, బోర్డు మోసుకుంటూ చాలా దూరం నడవాలి. మోకాలి లోతు లేనిచోట బోర్డు అడుగునుండే ఫిన్ (చిన్న రెక్క) ఇసుకలో దిగబడితే మనిషి ముందుకి ఎగిరి పడతాడు. హైడ్రోఫాయిల్ (కింద పొడవాటి మాస్ట్‌కి రెక్క తగిలించిన బోర్డు) వాళ్లకైతే మరీ కష్టం. 80, 85 సెంటీమీటర్ల మాస్ట్ ఉన్నప్పుడు ఆ పైన ఇంకో అర మీటరు నీళ్లుంటేనే నడపండి. లేకపోతే మాస్ట్ దిబ్బకి కొట్టుకుని బోల్టు గూడే చీలిపోతుంది. ఫాయిల్ తీసుకెళ్లేవాళ్లు అష్టమి చుట్టుపక్కల వారం చూసుకోవడం మంచిది.

మరోవైపు, అద్దంలాంటి చదును నీళ్లు దొరికేదీ ఈ దిబ్బల పుణ్యమే. ఆటు సగంలో ఉండగా దిబ్బలు నీటి పైకి తేలి గాలి రేపే చిన్న అలని ఆపేస్తాయి, వాటి వెనకనున్న నీళ్లు కదలవు. స్పీడ్ స్పాట్ అని పిలిచే చోటు పేరుపడింది అందుకే. కొత్త ట్రిక్ నేర్చుకోవాలన్నా, గంటకి ఎంత వేగం కొట్టగలమో చూసుకోవాలన్నా ఆ రెండు మూడు గంటలే సరైన సమయం. క్యాంపులో దిగగానే ఆ వారానికి ఆటుపోట్ల పట్టిక ఫోటో తీసుకుని, ఏ రోజు ఏ గంటల్లో నీళ్లలో ఉండాలో రాసుకోండి. తిండి, నిద్ర దాని చుట్టూ సర్దుకోవచ్చు.

తెల్లదిబ్బ, అంటే అక్కడివాళ్లు ఫ్రెంచ్‌లో దూన్ బ్లాంష్ అనే చోటు, పోటుకి నీళ్ల మధ్య నిలబడుతుంది, ఆటుకి నడిచి వెళ్లొచ్చు. అక్కడికి ఫోర్ బై ఫోర్‌లో తీసుకెళ్తారు. బయల్దేరే ముందు ఆ రోజు పోటు వేళ అడగండి, తప్పు వేళకి వెళ్తే కైట్ తడవడానికి కూడా నీళ్లుండవు. లోతు తక్కువ చోట నడిచేటప్పుడు పాదాలు ఎత్తి వెయ్యకుండా ఇసుకలో ఈడ్చుకుంటూ నడవండి. ఇసుకలో పడుకున్న టేకు చేపలు ఆ చప్పుడుకి తప్పుకుంటాయి. గుల్లలు అరికాలు కోసేస్తాయి, సన్నటి అడుగున్న బూటీలు వేసుకోవాలి.

నీళ్లు చదును, గాలి ఒడ్డు నుంచి బయటికి

దఖ్లా గురించి నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పేది ఇదే. లగూన్ చూడటానికి చెరువులా ఉంటుంది. అల లేదు, ఒడ్డు కనిపిస్తూనే ఉంది. దాంతో భయం పోతుంది. కానీ క్యాంపులున్న ద్వీపకల్పం ఒడ్డు ఆగ్నేయానికి తిరిగి ఉంది. గాలి ఈశాన్యం నుంచి వస్తే ఒడ్డుకి సమాంతరంగా పోతుంది. నేరుగా ఉత్తరం నుంచి వస్తే మిమ్మల్ని ఒడ్డు నుంచి బయటికి నెడుతుంది. వాయవ్యానికి తిరిగితే ఇంకా ఎక్కువ. దిక్కులో కొద్ది తేడా చాలు, ఒడ్డు వెంబడి సాగే మనిషి నడి లగూన్‌లోకి కొట్టుకుపోవడానికి. ఆ తర్వాత ఉన్నది కిలోమీటర్ల వెడల్పున్న నీళ్లు, ఆ కింద సముద్రం.

కాబట్టి రెస్క్యూ బోటు లేని క్యాంపుని లిస్టులోంచి కొట్టెయ్యండి. ఉందంటే సరిపోదు, ఇవి అడగండి: బోటు ఏ గంట నుంచి ఏ గంట దాకా తిరుగుతుంది, ఒకటేనా రెండా, ఎంత దూరం దాకా వస్తుంది, దానికి వేరే డబ్బు కట్టాలా, మనిషితో పాటు కైట్‌నీ బోర్డునీ తెస్తారా. బోటు ఆగే వేళకి అరగంట ముందే ఒడ్డుకి వచ్చెయ్యాలి. సాయంత్రం గాలి పడిపోయేదీ ఆ సమయంలోనే. గాలి 12 నాట్స్‌కి దిగితే 7 మీటర్ల కైట్ నీళ్ల మీద పడి మళ్లీ లేవదు.

ఒంటరిగా నీళ్లలో చిక్కుకుంటే చేయాల్సిన పద్ధతి వెళ్లేముందే ఒకసారి ఒడ్డుకి వీచే గాలిలో సాధన చెయ్యండి. మొదట చికెన్ లూప్ (బార్‌ని నడుముకి కట్టుకునే హార్నెస్‌కి తగిలించే ఉచ్చు) క్విక్ రిలీజ్, అంటే దాన్ని వెంటనే విడిపించే మీట, నెట్టండి. కైట్ ఒక్క ముందు లైను మీద వేలాడి బలం పోతుంది. సేఫ్టీ లీష్ (కైట్‌ని మీకు కట్టి ఉంచే తాడు) మాత్రం విప్పకండి. ఆ ఒక్క లైనునే చేతి మీద చెయ్యి వేసుకుంటూ లాక్కుని బార్ అందుకోండి. ఇప్పుడు అదే లైనుని బార్ ఒక చివర ఏడెనిమిది చుట్లు చుట్టి ముడి బిగించండి. చాలామంది ఈ మెట్టు వదిలేస్తారు. వదిలేస్తే తక్కిన లైన్లు చుట్టేటప్పుడు అన్నీ ఒకే పొడవులో బిగుసుకుని కైట్ మళ్లీ గాలి పట్టుకుని లేస్తుంది, లైన్లు చేతుల మీద ఈడ్చుకుపోతాయి. ఆ ఒక్క లైను పొట్టిగా ఉన్నంతసేపూ కైట్ జెండాలా రెపరెపలాడుతుంది తప్ప లాగదు. తర్వాత లైన్లన్నీ కలిపి బార్‌కి చుట్టుకుంటూ కైట్ దగ్గరికి వెళ్లండి. కైట్ దగ్గరపడ్డాక ఇంకో ముడి. లైనుని ఏ పరిస్థితిలోనూ చేతికి గానీ వేళ్లకి గానీ చుట్టుకోవద్దు.

కైట్ చేరాక దాన్ని వెల్లకిలా తిప్పి, రెండు చివరలూ దగ్గరికి లాక్కుంటే తెరచాపలా పనిచేస్తుంది. ఒడ్డుకి వీచే గాలిలో అది మిమ్మల్ని ఒడ్డు చేరుస్తుంది. ఉత్తరపు గాలిలో దఖ్లాలో అది మిమ్మల్ని అటూ ఇటూ కొంచెం వాలుగా తీసుకెళ్లగలదు గానీ ఎదురు తీసుకురాలేదు. అక్కడ కైట్ పని మిమ్మల్ని తేలేలా ఉంచడం, దూరం నుంచి బోటుకి కనిపించేలా చెయ్యడం. అందుకే దాన్ని వదిలేసి ఈదుకుంటూ రావాలని చూడకండి. ఈత ఎంత వచ్చినా గాలీ ప్రవాహమూ కలిసినప్పుడు నిలవలేరు, బోటువాళ్లకి నీళ్లలో ఒక తలకాయ కనిపించదు. సాయం కావాలంటే రెండు చేతులూ పక్కలకి చాచి నెమ్మదిగా పైకీ కిందకీ ఊపండి. పక్కన వెళ్లే రైడర్లకి కూడా ఆ సైగ అర్థమవుతుంది.

లగూన్‌లోని డ్రాగన్ ఐలాండ్ దాకా గాలివాలుగా పోయే డౌన్‌విండర్ దఖ్లాలో అందరూ చేయాలనుకునేది. బాగుంటుంది కూడా. బోటు వెంట వచ్చే గుంపుతోనే వెళ్లండి, ఇద్దరు స్నేహితులు కలిసి సొంతంగా బయల్దేరడం వద్దు.

నీళ్లలో జనం ఎక్కువుంటారు కాబట్టి దారి నియమాలు కూడా గుర్తుండాలి. ఎదురెదురుగా వస్తే కుడిచెయ్యి ముందున్నవాళ్లకి దారి. గాలికి పైనున్నవాళ్లు కైట్ పైకెత్తాలి, కిందున్నవాళ్లు దించాలి. ఒడ్డుకి వచ్చేవాళ్లు బయల్దేరేవాళ్లకి దారివ్వాలి.

ఇసుక, ఎండ, సామాను

ఎడారిలో సామాను పాడయ్యేది నీళ్లలో కాదు, ఒడ్డున. కైట్‌ని ఎండలో పంప్ చేసి వదిలేస్తే లోపలి గాలి వేడెక్కి వ్యాకోచిస్తుంది, బ్లాడర్ (లోపలి గాలి తిత్తి) కుట్టు దగ్గర ఉబ్బి పగులుతుంది. దానికి తిరగేసిన సమస్య ఇంకొకటి: వేడి ఇసుక మీద గట్టిగా ఉన్న కైట్ 20 డిగ్రీల నీళ్లలో పడగానే లోపలి గాలి కుంచించుకుని లీడింగ్ ఎడ్జ్ (గాలి నింపే ముందంచు) మెత్తబడుతుంది. మెత్తబడ్డ కైట్ గస్ట్‌లో మధ్యకి మడుచుకుంటుంది, నీళ్లలోంచి సరిగా లేవదు. కంపెనీ కైట్ మీద ముద్రించిన పీడనానికి, మామూలుగా 6 నుంచి 8 పీఎస్ఐ ఉంటుంది, నీళ్లలోకి దిగడానికి కాస్త ముందే పంప్ చెయ్యండి. నీళ్లలోకి తీసుకెళ్లాక వేలితో నొక్కి చూడండి. నడిపి వచ్చాక గంటకి మించి ఆగేట్టయితే గాలి తీసెయ్యండి.

సన్నటి ఇసుక రేణువు ఒక్కటి వాల్వ్ మూత అంచున కూర్చుంటే చాలు, రెండు గంటల్లో కైట్ మెత్తబడుతుంది. బ్లాడర్ చిల్లు పడిందనుకుని ప్యాచ్‌లు వేసేముందు మూత తీసి, తడి గుడ్డతో అంచు తుడిచి, మళ్లీ పంప్ చేసి చూడండి. ఎక్కువసార్లు జబ్బు అక్కడే ఉంటుంది. క్విక్ రిలీజ్ సంగతి ఇంకా ముఖ్యం. ఉప్పు, ఇసుక కలిసి దాని గొట్టంలో గట్టిపడితే అవసరమైనప్పుడు నెట్టినా కదలదు. రోజూ సాయంత్రం మంచినీళ్లలో ముంచి ఐదారుసార్లు తెరిచి మూయండి, మర్నాడు పొద్దున నీళ్లలోకి దిగేముందు ఒకసారి నెట్టి చూసుకోండి. ఎడారిలో మంచినీళ్లు విలువైనవి, పైపు వదిలెయ్యకుండా ఒక బకెట్‌లో బార్, పుల్లీలు, వాల్వ్‌లు అన్నీ కడగొచ్చు. కైట్ గుడ్డకి కడుగుడు అక్కర్లేదు, ఇసుక దులిపితే చాలు.

లైన్లు పరిచాక బార్ దగ్గర్నుంచి కైట్ దాకా వేళ్ల మధ్య పెట్టుకుని నడిచి చూడండి. ఒక్క మెలిక పడి కుడిదీ ఎడమదీ మారితే లేపిన వెంటనే కైట్ గిరగిరా తిరిగి నేలకి కొడుతుంది. 25 నాట్స్‌లో దాన్ని సరిచేసే సమయం దొరకదు. ఒడ్డున పెట్టే కైట్‌కి ఒక పిడికెడు ఇసుక చాలదు. ముందే రెండు సంచుల్లో ఇసుక నింపి ఉంచుకోండి.

ఇక ప్రయాణపు సంచి. 9 మీటర్ల కైట్ సుమారు 3 కిలోలు, 7 దానికన్నా కొంచెం తక్కువ, స్ట్రాప్‌లతో బోర్డు 4, బార్ ఒక్కోటి 1.2, హార్నెస్ 2.5, వెట్‌సూట్ 2, సంచి 3. అన్నీ కలిపితే 20 కిలోలకి అటూ ఇటూ. పంప్ దించేయండి, క్యాంపులో ఉంటుంది. వెళ్లే ముందు మీ కైట్ వాల్వ్‌కి సరిపోయే మూతి మాత్రం వెంట ఉంచుకోండి. ఫిన్లు విప్పి, స్క్రూలు చిన్న డబ్బాలో వేసి, నాలుగు అదనంగా పెట్టుకోండి. స్క్రూడ్రైవర్ చెక్-ఇన్ సంచిలోనే ఉండాలి. హార్నెస్, వెట్‌సూట్ చేతి సంచిలో పెట్టుకోండి. పెద్ద సంచి ఒక రోజు ఆలస్యంగా వచ్చినా అద్దె కైట్‌తో నీళ్లలోకి దిగొచ్చు, కానీ మీ ఒంటికి సరిపోయే హార్నెస్ అద్దెకి దొరకడం కష్టం. బ్లాడర్ ప్యాచ్‌లు, వాల్వ్ ప్యాచ్ ఒకటి, పిగ్‌టెయిల్ (లైను తగిలించే చిన్న తాడు) ఒక జత, చిక్కుకున్న లైను కోసే హుక్ కత్తి, హెల్మెట్, దెబ్బ తగలకుండా వేసుకునే ఇంపాక్ట్ వెస్ట్, జింక్ క్రీమ్ తప్పనిసరి.

వెళ్లడం, ఉండటం

హైదరాబాద్ నుంచి దుబాయ్ గానీ దోహా గానీ మీదుగా కాసాబ్లాంకా, అక్కడ్నుంచి రెండు, రెండున్నర గంటల దేశీయ విమానం. మొత్తం మార్గం ఒకే టికెట్‌లో ఉండాలి. విడివిడిగా కొంటే మొదటి విమానం ఆలస్యమైనప్పుడు రెండోది మీ నష్టమే. బోర్డు సంచి బరువు, పొడవు ముందే రెండు విమాన సంస్థలకీ చెప్పి రాతపూర్వకంగా తీసుకోండి. చిన్న విమానంలో పొడుగు సామాను చోటు లేక ఆపేస్తుంటారు. ట్యాగు మీద చివరి స్టేషన్ వీఐఎల్ అని ఉందో లేదో కౌంటర్ దగ్గరే చూడండి. కాసాబ్లాంకా దాకానే ఉంటే అక్కడ తీసుకుని మళ్లీ ఇవ్వాలి, ఆ సమయం లెక్కేసుకోండి. ఏడు రోజులు నీళ్లలో ఉండాలంటే పది, పదకొండు రోజుల సెలవు కావాలి.

భారతీయ పాస్‌పోర్ట్‌కి మొరాకో వీసా తప్పనిసరి. షెంగెన్, అమెరికా, బ్రిటన్ వీసా గానీ నివాస అనుమతి గానీ ఉన్నవాళ్లకి ఆన్‌లైన్ ఈ-వీసా తేలిక. యూరప్‌లో, అమెరికాలో ఉండే మనవాళ్లకి ఇది బాగా పనికొస్తుంది. దఖ్లాకి వేరే వీసా అక్కర్లేదు. డ్రోన్ తీసుకెళ్లకండి. మొరాకోలో అనుమతి లేని డ్రోన్‌ని విమానాశ్రయంలోనే పట్టుకుంటారు.

ఇన్సూరెన్స్‌లో మూడు విషయాలు ఈమెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి. కైట్‌సర్ఫింగ్ అనే పేరు పాలసీలో ఉందా లేక నీటి క్రీడలు అని మాత్రమే ఉందా? పశ్చిమ సహారా కూడా వర్తిస్తుందా? కొన్ని దేశాల ప్రయాణ సూచనలు ఆ ప్రాంతాన్ని మొరాకో నుంచి విడిగా చూస్తాయి, పాలసీలు వాటినే అనుసరిస్తాయి. మూడోది, పెద్ద ఆసుపత్రికి విమానంలో తరలించే ఖర్చు ఇస్తారా? దఖ్లాలో ఆసుపత్రి ఉంది గానీ పెద్ద శస్త్రచికిత్స అంటే ఉత్తరాన దూరపు నగరాలకే.

రోడ్డు మీద చెక్‌పోస్టుల్లో విదేశీయుల వివరాలు రాసుకుంటారు. పేరు, పాస్‌పోర్ట్ నంబరు, పుట్టిన తేదీ, వృత్తి, వీసా వివరాలు ఒక కాగితం మీద టైప్ చేసి పది కాపీలు ఉంచుకుంటే ఒక్కోటి ఇచ్చేసి ముందుకి పోవచ్చు. ఆ కాగితాన్ని ఫీష్ అంటారు. సైనిక స్థావరాల ఫోటోలు తీయకండి. ఎడారిలోకి సొంతంగా బండి నడపకండి, తూర్పున పాతకాలపు మందుపాతరలున్న ప్రాంతాలున్నాయి. మొరాకో దిర్హమ్ బయట దొరకడం కష్టం. యూరోలు తీసుకెళ్లి కాసాబ్లాంకాలో మార్చుకోండి, దిర్హమ్ నోట్లు సరిపడా ఉంచుకోండి.

తిండి ఎక్కువగా చేప, రొట్టె, కుస్కుస్, తాజీన్. లగూన్‌లోనే ఆయిస్టర్లు పెంచుతారు. శాకాహారులు బుకింగ్ అప్పుడే చెప్పాలి, చెప్పకపోతే కూరగాయల తాజీన్ కూడా మాంసం రసంలో ఉడికి వస్తుంది. కందిపొడి, కారప్పొడి రెండు చిన్న డబ్బాలు తెచ్చుకుంటే కుస్కుస్‌లో కలుపుకోవచ్చు. పొడిగాలిలో చెమట పట్టినట్టే తెలియదు, అప్పటికప్పుడే ఆరిపోతుంది. దాహం వేసేదాకా ఆగకుండా ఒడ్డుకి వచ్చిన ప్రతిసారీ నీళ్లు తాగండి.

ఇంకా నేర్చుకోనివాళ్లు దఖ్లాలోనే మొదలుపెట్టాలా? నా ఉద్దేశంలో వద్దు. కైట్ ఎగరెయ్యడం, నీళ్లలో ఈడ్చుకుపోవడం, బోర్డు మీద లేవడం, ఇవన్నీ తొమ్మిది నుంచి పన్నెండు గంటల పాఠం. దానికి ఖండాలు దాటక్కర్లేదు. రామేశ్వరంలో కైట్ స్కూళ్లున్నాయి, రెండు రుతుపవనాల గాలీ అక్కడ పనికొస్తుంది. శ్రీలంకలో కల్పిటియ లగూన్‌కి మే నుంచి అక్టోబరు దాకా గాలి నమ్మకం. గల్ఫ్‌లో ఉన్నవాళ్లకి దుబాయ్ తీరం ఉంది. రెండు వైపులా నడిపి, బయల్దేరిన చోటికే తిరిగి రాగలిగాక దఖ్లా టికెట్ తీసుకోండి. అప్పుడు వారమంతా నడపడానికే ఉంటుంది.

తిరుగు ప్రయాణానికి ముందు రోజు మధ్యాహ్నానికే నీళ్లలోంచి బయటికి రండి. తడిసిన వెట్‌సూట్, హార్నెస్ కలిపి కిలోల బరువు పెంచుతాయి, తడి కైట్ సంచిలో నాలుగు రోజులుంటే బూజు పడుతుంది. పాంచో, బూటీలు, హార్నెస్ గాలికి ఆరబెట్టి, కైట్లు గాలి తీసి ఇసుక దులిపి, నీడలో మడత పెట్టండి. వాల్వ్ మూతలు కాస్త తెరిచి ఉంచండి. సంచి తూకం వేసి చూసుకోవడానికి క్యాంపులో స్ప్రింగ్ త్రాసు అడిగితే ఇస్తారు.